ఆరో నోటు పలకని సింథ్

ప్రశ్న ఇది: గాత్రం లేకుండా, పాతకాలపు సింథసైజర్ ధ్వనులతో ఇప్పుడు చేస్తున్న సింథ్‌వేవ్ సంగీతమంతా ఎనభైల మీద బెంగేనా? వినడం ఎక్కడ మొదలుపెట్టాలి?

బెంగ కాదు. ఘంటాపథంగా చెబుతాను. ఎనభైల్లో నేను పుట్టనే లేదు, చూడని రోజుల మీద బెంగ ఎక్కడి నుంచి వస్తుంది? నన్ను లాగింది ఆ యంత్రాలు, వాటి ఇబ్బందులతో సహా.

కొన్నేళ్ల కిందట 1984 నాటి సింథ్ ఒకటి సెకండ్‌హ్యాండ్‌లో కొన్నాను. ఆరు వాయిస్‌లది, అంటే ఒకేసారి ఆరు నోట్లు పలకాలి. తెచ్చిన రాత్రే కంప్యూటర్ నుంచి మిడి కేబుల్ (ఏ నోటు పలకాలో సింథ్‌కి చెప్పే తీగ) పెట్టి, పదహారు నోట్ల బేస్ వరస ఒకటి తిప్పాను. మధ్యమధ్యలో నోట్లు పడటం లేదు. కేబుల్ మార్చాను. స్క్రీన్ మీద నోట్లన్నీ ఒక్కొక్కటే చూసుకున్నాను, ఉండాల్సినవన్నీ ఉన్నాయి. పోనీ ఖాళీ ఒకేచోట వస్తుందా అంటే అదీ లేదు. ఈ బార్‌లో (వరస ఒక చుట్టు తిరిగితే ఒక బార్) ఒకచోట, వచ్చే బార్‌లో ఇంకోచోట. దాచుకున్న డబ్బంతా పెట్టి కొన్న వస్తువు, ఎంత టెన్షన్ పడ్డానో చెప్పలేను.

చివరికి కాగితం మీద గీతలు గీసి లెక్కపెట్టాను. సరిగ్గా ప్రతి ఆరో నోటు పోతోంది. ఆ సింథ్ కొత్త నోటు వచ్చిన ప్రతిసారీ వరసలో తర్వాతి వాయిస్‌కి పని అప్పగిస్తుంది. ఆరింటిలో ఒక దాని చిప్ చచ్చిపోయింది. వరసేమో పదహారు నోట్లది. అందుకే మొదటి బార్‌లో రెండు ఖాళీలు, తర్వాతి రెండు బార్లలో మూడేసి. 48 నోట్లు గడిస్తేగానీ ఖాళీ మళ్లీ మొదటి చోటికి రాదు.

సంగతి తెలిశాక కూడా స్విచ్ ఆపబుద్ధి కాలేదు. ధ్వనిలో పదును పెంచి తగ్గించే ఫిల్టర్‌ని మెల్లగా తెరుస్తూ, మూస్తూ తెల్లవారేదాకా అదే విన్నాను. నేను రాసిన వరస చాలా మామూలుది, ఎవరైనా రాయగలిగిందే. ఆ ఖాళీలు దానికి ఒక నడక తెచ్చాయి. నేను కావాలని కూర్చుని రాసినా ఆ నడక వచ్చేది కాదు.

తర్వాత చిప్ ఊడదీసి, దాని మీది గట్టి పూత వదిలేదాకా అసిటోన్‌లో నానబెట్టాను. ఆ రకం చిప్‌లని చాలావరకు చంపేది ఆ పూతే. అది ఒలిచాక చిప్ బతికింది, ఆరు వాయిస్‌లూ పలికాయి. అదే వరస మళ్లీ తిప్పితే ప్రాణం లేదు. ప్రతి ఆరో నోటునీ నా చేత్తో తీసేశాకే ట్రాక్ మళ్లీ లేచింది.

పాతవాళ్ల దగ్గర జరిగిందీ ఇదేనని నా గట్టి నమ్మకం. బెర్లిన్ బృందం టాంజరీన్ డ్రీమ్ 1974లో చేసిన 'ఫేడ్రా' ఆల్బమ్‌నే తీసుకోండి. వాళ్ల మోగ్ సింథ్ వేడెక్కేకొద్దీ, ధ్వనిని పుట్టించే దాని ఆసిలేటర్ల శ్రుతి జారిపోయింది. ఆ జారుడుని వాళ్లు ట్రాక్‌లోనే ఉంచేశారు. ఫ్రెంచ్ సంగీతకారుడు జాన్ మిషెల్ జార్ 1976 నాటి 'ఆక్సిజెన్' ఆల్బమ్‌ని ఇంట్లోనే, ఎనిమిది ట్రాక్‌ల టేప్ మీద, అంటే ఎనిమిది ధ్వని పొరలే పట్టే టేప్ మీద చేశాడు. ట్రాకులు అన్నే ఉన్నప్పుడు ఏ ధ్వని ఉండాలో, ఏది పోవాలో ముందే తేల్చుకోవాలి. ఆ తేల్చుకోవడం ఆ సంగీతంలో వినిపిస్తుంది.

ఇప్పటి సింథ్‌వేవ్‌లో చాలావాటితో నా గొడవ ఇక్కడే. ఊదారంగు ఆకాశం, చారల సూర్యుడు, తాటిచెట్లు, గీతల నేల: కవర్ చూస్తే లోపల ఏముందో విననక్కర్లేదు. ధ్వని మాత్రం గీత గీసినట్టు శుభ్రంగా ఉంటుంది. సాఫ్ట్‌వేర్‌లో 'డ్రిఫ్ట్' (జారుడు) అని ఒక నాబ్ పెట్టి, దాన్ని కాస్త తిప్పితే పాతదైపోతుందంటారు. కాదు. నాబ్ తిప్పితే శ్రుతి అటూ ఇటూ ఊగుతుంది అంతే. వేడికి జారే శ్రుతి ఒకవైపుకి పోతూనే ఉంటుంది, వాయించేవాడు దాని వెంట పోవాలి. ఇంకో మాట. ఈ తరహాలో డిజిటల్ సింథ్‌కి చోటు లేదని వాదించేవాళ్లంటే నాకు నిజంగా కోపం. 1983లో వచ్చిన యమహా డీఎక్స్7 పూర్తి డిజిటల్. దాని గంటల ధ్వనులూ, ఎలక్ట్రిక్ పియానో తీసేస్తే ఎనభైల ధ్వనిలో సగం పోతుంది.

కొత్తవాళ్లలో నాకు నచ్చినవాళ్లు లేకపోలేదు. 2016లో వచ్చిన 'స్ట్రేంజర్ థింగ్స్' వెబ్ సిరీస్‌కి సంగీతం చేసిన ఇద్దరికీ ఆ జారుడు విలువ తెలుసు. టైటిల్ సంగీతంలో బేస్ వరస తిరుగుతూ ఉండగా ఫిల్టర్ ఎలా ఊపిరి తీసుకుంటుందో వినండి.

మొదలుపెట్టడం అంటారా, ప్లేలిస్టుల జోలికి పోకండి. హెడ్‌ఫోన్లు పెట్టుకుని 'ఫేడ్రా' మొదటి ట్రాక్ ఒక్కటి పూర్తిగా వినండి, 17 నిమిషాల పైచిలుకు. మధ్యలో ఆపకండి. కింద తిరిగే వరసని మాత్రం వదలకుండా పట్టుకోండి, శ్రుతి ఎక్కడ జారడం మొదలైందో మీకే దొరుకుతుంది.