పెబ్రిన్ మీద వ్యాసం రాస్తున్న అమ్మాయికి

అనంతపురం

చిరంజీవికి ఆశీస్సులు.

నీ వ్యాసం చదివాను. భాష బాగుంది. అయితే పట్టుపురుగులకు పెబ్రిన్ జబ్బు తెచ్చే జీవి చేరిన గుంపు, అంటే పరాయి కణాలలో బతికే మైక్రోస్పోరిడియాలో, కణానికి శక్తినిచ్చే మామూలు మైటోకాండ్రియా కనబడదు కాబట్టి అవి జీవవృక్షంలో అతి ప్రాచీనమైన కొమ్మ అని తేల్చేశావు. ముందు ఆ వాక్యం తీసెయ్యి. 1983లో జీవుల వర్గీకరణలో పేరుమోసిన శాస్త్రజ్ఞుడు కావలియర్-స్మిత్ అంతటివాడే వాటిని మైటోకాండ్రియా ఏర్పడకముందే వేరుపడిన జీవులలో చేర్చాడు. 2002లో వాటి కణాలలో మైటోసోములు, అంటే కుంచించుకుపోయిన మైటోకాండ్రియా అవశేషాలు బయటపడ్డాయి. పరాయి కణంలో కాపురముండి దాని శక్తినే వాడుకునే జీవి, ఉమ్మడి ఇంట్లో చేరినవాడు సొంత పొయ్యి మానేసినట్టు, ఉన్నదాన్ని వదులుకుంది. తక్కువ సామగ్రి కనబడిన ప్రతిచోటా ఇది పాతదా, పోగొట్టుకున్నదా అని అడిగిన తరువాతే కలం కదపాలి.

హిందూపురం వైపు పట్టు రైతులకు పెబ్రిన్ సంగతి నువ్వు చెప్పనక్కరలేదు. నువ్వే గ్రెయినేజికి, అంటే పట్టుపురుగు గుడ్లు తయారుచేసే కేంద్రానికి వెళ్ళి, గుడ్లు పెట్టిన తల్లిపురుగును నూరి ఆ చుక్కను మైక్రోస్కోపు కింద పరీక్షించేచోట కాసేపు కూర్చో. పాశ్చర్ నాటి పద్ధతే అది. కోలగా, తళతళలాడుతూ, 3, 4 మైక్రాన్ల పొడవున్న సిద్ధబీజాలు (స్పోర్లు) కనబడితే ఆ తల్లి గుడ్లన్నీ నాశనం చేస్తారు, ఎందుకంటే జబ్బు గుడ్డు ద్వారా కూడా పిల్లకు దిగుతుంది. సిద్ధబీజం లోపల చుట్టచుట్టుకున్న గొట్టం అక్కడ కనబడదు. పురుగు పేగులో అది ఒక్క ఉదుటున బయటికి దూసుకొచ్చి, కణంలో గుచ్చుకుని, లోపలి జీవపదార్థాన్ని అందులోకి దించుతుంది. ఇంత పనితనమున్న కణాన్ని సరళమని ఎలా రాస్తాం?

చుట్టరికం విషయానికొస్తే, 2013లో రోజెల్లా అనే, శిలీంధ్రాలకు దగ్గరి పరాన్నజీవి జీనోమును చదివినప్పుడు దానికీ మైక్రోస్పోరిడియాకూ దగ్గరి సంబంధం తేలింది. ఆశ్రయమిచ్చిన కణం శక్తిని లాగే రవాణా ప్రోటీను రెండింటికీ ఉంది. ఆ రోజెల్లా దోచుకునేది అల్లోమైసిస్ అనే నీటి శిలీంధ్రాన్ని. దానికి 1911లో ఆ పేరు పెట్టిన బట్లర్ మన దేశంలోని పూసాలో ఉద్యోగం చేసినవాడు. పాఠకులకు ఈ ముక్క నచ్చుతుంది, ఉంచు.

కైట్రిడ్లనే ఈదే బీజాలున్న శిలీంధ్రాల గురించి రెండు వాక్యాలు చాలు. వాటి గమన సిద్ధబీజానికి వెనుక ఒకే కశాభం (ఈదే తోక) ఉంటుంది, జంతువుల శుక్రకణానికిలాగే. శిలీంధ్రాల్లో పలు శాఖల్లో అది వేర్వేరుగా పోయింది కనుక, కశాభమున్నవన్నీ ఒకే కుటుంబమని మాత్రం రాయకు.

రోజెల్లాను శిలీంధ్రాల గీతకు లోపల పెట్టాలా, బయట పెట్టాలా అన్నది ఇంకా తెగలేదు. నువ్వు తీర్పు చెప్పకుండా, గీత ఎందుకు కదులుతోందో చెప్పు. చెట్టు బొమ్మ మళ్ళీ గీసి, వ్యాసంతో కలిపి పంపు.