ఒంటి కన్నుతో టీ ఎందుకు ఒలుకుతుంది?

ప్రశ్న: మా నాన్నగారికి 70 ఏళ్లు. గ్లకోమా (కంటి నరం దెబ్బతినే జబ్బు) వల్ల ఎడమ కంటి చూపు ఈమధ్యే పూర్తిగా పోయింది. కుడి కన్ను బాగుందన్నారు, పేపరు హాయిగా చదువుతున్నారు. కానీ గ్లాసులో టీ పోస్తే బయట పడుతోంది. మెట్లు దిగాలంటే భయం. ఇదేం చిత్రమండీ? స్కూటర్ నడపనివ్వొచ్చా?
– ఒక పాఠకురాలు, తెనాలి

జవాబు: చిత్రమేం లేదమ్మా. పేపరు చదవడానికి ఒక కన్ను చాలు, టీ పోయడానికే రెండు కావాలి. మీరే చూడండి. ఒక కన్ను మూసుకుని, చేతులు చాచి, పెన్నుకు క్యాప్ పెట్టండి. క్యాప్ పెన్నుకు ఇవతలో అవతలో గాల్లో తచ్చాడుతుంది.

మన కళ్ల మధ్య ఆరు సెంటీమీటర్ల పైచిలుకు ఎడం ఉంటుంది. అందుకే ఒకే గ్లాసు రెండు కళ్లకూ కాస్త తేడాగా కనిపిస్తుంది. ఆ తేడాను బట్టే మెదడు దూరం పసిగడుతుంది. 1838లో చార్లెస్ వీట్‌స్టన్ అనే ఇంగ్లండ్ శాస్త్రవేత్త, కొద్దిపాటి తేడాతో గీసిన రెండు బొమ్మలను అద్దాల సాయంతో కంటికొకటి చూపించి, చదును కాగితంలో లోతు పుట్టించాడు. వస్తువు దగ్గరకు వచ్చేకొద్దీ ఈ తేడా ఎక్కువ, దూరమయ్యేకొద్దీ తక్కువ. కాబట్టి మీ నాన్నగారికి వీధి చివరి బస్సుతో పెద్దగా పేచీ ఉండదు, చేతిలో గ్లాసుతోనే తంటా.

మెల్లకన్ను అదృష్టమని పిల్లల్ని నా దగ్గరికి ఆలస్యంగా తెస్తారు చూడండి, వాళ్లలో చాలామందికి ఈ రెండు కళ్ల లెక్క అసలు కుదరదు. అయినా టీ ఒలకబోయరు, చిన్నప్పటి నుంచీ వేరే ఆనవాళ్లతో నెట్టుకొస్తారు కనుక. ఏది దేనికి అడ్డొచ్చింది, నీడ ఎటు పడింది, ఇవన్నీ ఒంటి కంటికీ అందుతాయి. అన్నిటికన్నా గట్టిది కదలిక. రైల్లోంచి చూస్తే పక్క స్తంభాలు సర్రున వెనక్కి పోతాయి, దూరపు కొండ మనతోపాటే వస్తుంది. తల అటూ ఇటూ కొంచెం కదిపితే ఇంట్లోనూ అంతే, దగ్గరివి ఎక్కువ జరుగుతాయి. ఇది మీ నాన్నగారికి నేర్పండి.

నాన్నగారు క్రికెట్ చూసేవారైతే పటౌడీని గుర్తుచేయండి. 1961లో ఇంగ్లండ్‌లో కారు ప్రమాదంలో కుడి కన్ను దెబ్బతిన్నా, మరుసటి ఏడే 21 ఏళ్లకు భారత జట్టు కెప్టెన్ అయ్యారు. అయితే అది కుర్ర వయసు. 70లో అలవాటు పడటానికి నెలలు పడుతుంది, తొందరపెట్టకండి.

ఈలోగా టీగిన్నె అంచును గ్లాసుకు ఆనించి పొయ్యమనండి. మెట్ల అంచులకు పసుపు పెయింటు గీత కొట్టించండి. స్కూటర్ ఇప్పుడు వద్దు. ఎడమ పక్కనుంచి దూరే ఆటో ఆయనకు కనిపించదు. కొన్నాళ్లయ్యాక కుడి కంటికి ఫీల్డ్ టెస్ట్ (పక్క చూపు ఎంతమేర ఉందో చూసే పరీక్ష) చేయించి, మీ డాక్టరు సరేనంటేనే ఆలోచించండి.

మీరు అడగనిది ఒకటుంది. గ్లకోమా ఎక్కువగా రెండు కళ్లకూ వస్తుంది. పేపరు చదవగలుగుతున్నారని ధీమా పడొద్దు, అది పక్క చూపునే ముందు తినేస్తుంది. కుడి కంట్లో వేయమని చుక్కల మందు రాసి ఉంటే ఒక్క పూటా మానొద్దు. మీరూ, మీ తోబుట్టువులూ 40 దాటితే ఒకసారి కంటి ప్రెషర్, నరం చూపించుకోండి.