లక్ష రూపాయల కెమెరా కొనేముందు ఆ ట్యూబ్‌లైటు ఆర్పి చూడండి

ప్రశ్న: మాది మచిలీపట్నం. మా అబ్బాయి బీకాం ఫైనలియర్. చిలకలపూడి కవరింగ్ నగలు అమ్మే రెండు షాపులకు ఆన్‌లైన్ ఫోటోలు తీస్తున్నాడు. ఫోటోలో ఒక రంగు, పార్సిల్లో ఇంకో రంగు అంటూ కొన్నవాళ్లు నగలు తిప్పి పంపుతున్నారని ఒక షాపాయన పని ఆపేశాడు. మంచి కెమెరా ఉంటే ఇలా కాదంటూ లక్ష అడుగుతున్నాడు. కొనిపెట్టమంటారా, బ్యాంకు కోచింగ్‌లో చేర్చమంటారా?

జవాబు: మీరు పంపిన ఆరు ఫోటోలూ చూశానమ్మా. లక్ష పోసినా ఇదే రంగు వస్తుంది. తేడా ఉన్నది మీ హాల్లోని లైట్లలో.

కాసులపేరు ఫోటో పెద్దది చేసి చూడండి. ఎడమవైపు కాసులు నారింజ రంగులోకి, కుడివైపువి నీలంలోకి తిరిగాయి. అటు పసుపు బల్బు, ఇటు ట్యూబ్‌లైటు వెలుగుతున్నాయని నగే చెప్పేస్తోంది. వెలుగు రంగును కెల్విన్లలో కొలుస్తారు. పసుపు బల్బు వెలుగు 2700 కెల్విన్ దగ్గర ఉంటే, తెల్లటి ట్యూబ్‌ది 6500 దగ్గర ఉంటుంది. మన కన్ను రెంటికీ సర్దుకుపోతుంది. కెమెరా మాత్రం ఒక ఫోటోకి ఒకే తెలుపును ఎంచుకుంటుంది. ఒకవైపు సరిచేస్తే రెండోవైపు పాడవుతుంది కాబట్టి ఎడిటింగ్‌లో ఎంత లాగినా లాభం లేదు. ఒక్క రకం వెలుగే ఉంచి మిగతావన్నీ ఆర్పమనండి. లైట్లతో తీస్తుంటే కిటికీకి కూడా పరదా వెయ్యాలి. ప్రతి సెట్‌కీ ముందు నగ పక్కన గ్రే కార్డు (ఏ రంగూ కలవని బూడిదరంగు అట్ట) పెట్టి ఒక ఫోటో తీసి, దాన్నిబట్టి వైట్ బ్యాలెన్స్ (తెలుపు తెల్లగానే కనిపించేలా చేసే సెట్టింగు) పెట్టుకోవాలి. కెమెరాను ఆటో మోడ్‌లో వదిలేస్తే ఒకే హారం పది ఫోటోల్లో పది రంగుల్లో వస్తుంది. లైటు కొనేటప్పుడు వాట్లు ఒక్కటే చూస్తే చాలదు, సీఆర్‌ఐ (ఆ వెలుగులో రంగులు ఎంత నిజంగా కనిపిస్తాయో చెప్పే అంకె) 95కి పైన ఉందో లేదో చూడాలి. నాసిరకం ఎల్‌ఈడీ కింద ఎరుపు సరిగా పలకదు. మీవాడి ఫోటోల్లో కెంపురాళ్లు ఇటుకపొడిలా ఉన్నది బహుశా అందుకే.

రెండో తప్పు ఇంకా పెద్దది. మెరుగుపెట్టిన లోహం అద్దంతో సమానం, ఎదురుగా ఏముంటే అది అందులో పడుతుంది. జుమకా బుట్ట మీద నల్లచుక్క ఉంది చూశారా, అది మీ అబ్బాయి తల! నేను కౌన్సెలింగ్‌లోకి రాకముందు స్టూడియోలో పనిచేసేవాణ్ని. ఒకసారి స్టీలు క్యారియర్ ఫోటో తీశాను. ప్రింటు వచ్చాక చూస్తే పైగిన్నె నిండా నా చారల చొక్కా. ఆ రోజు ఓనరుతో తిన్న తిట్లు ఇప్పటికీ గుర్తే.

నగలకు ఫోన్ ఫ్లాష్ అసలు వాడొద్దు. చిన్న లైటు కాబట్టి లోహం మీద సున్నపు బొట్టులా తెల్లగా పేలిపోతుంది. లైటుకీ నగకీ మధ్య పెద్ద ట్రేసింగ్ పేపర్ కట్టి, దాన్ని ఫ్రేములో పడనంత దగ్గరగా జరపాలి. లైటు మాత్రం పేపర్‌కి కాస్త దూరంగా ఉండాలి, అప్పుడే పేపరంతా సమానంగా వెలుగుతుంది. రెండోవైపు థర్మోకోల్ షీటు నిలబెడితే నీడలు తగ్గుతాయి. అలాగని చుట్టూ తెలుపే ఉంటే చేతిగాజు పసుపుముద్దలా చదునుగా కనిపిస్తుంది. రెండంగుళాల వెడల్పు నల్ల చార్టుముక్కను పక్కన పట్టుకుని మెల్లగా జరుపుతూ స్క్రీన్ మీద చూడమనండి. గాజు అంచు వెంట సన్నని నల్లగీత పడిన క్షణంలో దాని గుండ్రదనం లేచి వస్తుంది. నగల ఫోటోల్లో సగం పనితనం ఆ ముక్క జరపడంలోనే ఉంది.

తెల్ల బ్యాక్‌గ్రౌండ్ కోసం ఫోటో మొత్తాన్ని బ్రైట్ చేస్తున్నాడు, దాంతో నగ వెలిసిపోతోంది. అమెజాన్ మెయిన్ ఫోటోకి వెనక పూర్తి తెలుపు కావాలి, వస్తువు ఫ్రేములో 85 శాతం ఉండాలి. నగను వెనకున్న తెలుపు నుంచి కాస్త ముందుకు జరిపి, బ్యాక్‌గ్రౌండ్‌కి విడిగా ఒక లైటు పెడితే ఆ బాధ తీరుతుంది.

ట్రైపాడ్, రెండు మంచి లైట్లు, పేపర్లు, థర్మోకోల్ అన్నీ కలిపి నా లెక్కలో పదిహేను వేలు దాటవు. ఉన్న ఫోనుతోనే మొదలుపెట్టవచ్చు.

ఇక కోచింగ్ మాట. డిగ్రీ పూర్తి చెయ్యాల్సిందే, అందులో బేరం లేదు. బ్యాంకు పరీక్షలు రాయడానికి ఇంకా వయసుంది, ఒక ఏడాది ఈ పనికి ఇచ్చి చూడండి. ఊళ్లోనే నగల పని ఉండటం చాలామంది ఫోటోగ్రాఫర్లకు లేని వసతి. కోర్సులు కావాలంటే హైదరాబాద్ జేఎన్‌ఏఎఫ్‌ఏయూ (జవహర్‌లాల్ నెహ్రూ ఆర్కిటెక్చర్ అండ్ ఫైన్ ఆర్ట్స్ యూనివర్సిటీ)లో ఫోటోగ్రఫీ బీఎఫ్‌ఏ ఉంది గానీ, అది ఇంటర్ తర్వాత చేరే డిగ్రీ, మీవాడికి మళ్లీ మొదటినుంచి అవుతుంది. పీజీ మీద మనసుంటే గుజరాత్ గాంధీనగర్‌లోని ఎన్‌ఐడీ (నేషనల్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ డిజైన్)లో ఫోటోగ్రఫీ డిజైన్ ఎం.డెస్ ఉంది. ఇప్పటికిప్పుడు రెండూ అవసరం లేదు.

ముందు పని ఆపేసిన ఆ షాపాయన దగ్గరికే వెళ్లమనండి. బాగా తిరిగొస్తున్న పది నగలు అడిగి తెచ్చి, డబ్బులు తీసుకోకుండా మళ్లీ తియ్యాలి. పగటివెలుగులో నగను ఫోన్ పక్కన పెట్టి రంగు కలిసిందో లేదో ఆయన్నే చూడమనాలి. కలిసిందని ఆయన ఒప్పుకుంటే పదకొండో నగ నుంచి డిజైనుకి ఇంత అని రేటు మాట్లాడుకోవాలి. కెమెరా సంగతి ఆ డబ్బులు చేతికొచ్చాక చూద్దాం.