నాలుగున్నర మాట మర్చిపో

అమ్మడూ,

ప్రభువు పేరిట వందనాలు. ప్రార్థన చేసుకుని నెల దాటిందని, నాలుగున్నరకి లేవలేకపోతున్నానని మొన్న ఫోనులో ఏడ్చావు. ముందు ఆ నాలుగున్నర మాట మర్చిపో.

నీ వయసులో నేనూ అదే పట్టు పట్టాను. నైట్ డ్యూటీ దిగొచ్చిన మర్నాడు కూడా చీకటితో లేచి, పొయ్యి మీద పాలు పెట్టి చాప మీద మోకరించేదాన్ని. ఒకరోజు మీ మావయ్య వచ్చి లేపితే చూసుకున్నాను, చెంప మీద చాప అచ్చు, వంటింట్లో మాడిన గిన్నె.

చివరికి దారి వార్డులోనే దొరికింది. మంచానికీ మంచానికీ మధ్య చేతులు కడుక్కోవాలి కదా. సబ్బు నురగ పోయేదాకా ఆ పేషెంటు పేరు చెప్పి ఒక్క మాట. ఇదీ ఒక ప్రార్థనేనా అని చాన్నాళ్లు గిల్టీగా ఉండేది. నెహెమ్యా గ్రంథం 2వ అధ్యాయం తీసి చూడు. నీకేం కావాలని రాజు అడిగితే, జవాబు చెప్పేలోపే నెహెమ్యా ప్రార్థించేశాడు. ఎంతసేపు పట్టి ఉంటుంది? కాకపోతే 1వ అధ్యాయంలో అదే మనిషి రోజుల తరబడి ఉపవాసముండి ఏడ్చాడు. రెండూ కావాలమ్మా.

చిన్న ప్రార్థనకి నీ రోజులోనే చోటుంది. కుక్కరు పెట్టాక మూడు కూతలు వచ్చేదాకా ఫోను ముట్టుకోకు. గాజువాకలో బస్సెక్కి మద్దిలపాలెంలో దిగేలోపు 119వ కీర్తనలో ఒక భాగం చదువు. 176 వచనాలని భయపడకు, ఎనిమిదేసి చొప్పున 22 భాగాలు. ఎన్‌ఏడీ జంక్షన్ దగ్గర ట్రాఫిక్‌లో ఇరుక్కుంటే ఇంకా మంచిది, రెండోసారి చదవొచ్చు. చిన్న పుస్తకమే పట్టుకెళ్లు. ఫోనులో వాక్యం తెరిస్తే వేలు వాట్సాప్ మీదకే పోతుంది, నా వేలూ అంతే.

పెద్ద ప్రార్థనకి వారానికి ఒక్క అరగంట చాలు. అది దొరకనిది నీ భక్తి తక్కువై కాదు, ఇంట్లో అంట్లు తోమే చేతులు నీవొక్కదానివే అయి. మా అబ్బాయికి, అదే మీ ఆయనకి, ఆ మాట నువ్వే చెప్పు. నేను చెబితే అత్తగారి గొడవ అవుతుంది.

ఈ ఆదివారం ఆరాధన అయ్యాక వన్‌టౌన్ వచ్చి బాబును నా దగ్గర వదిలెయ్. నువ్వు రాస్ హిల్ ఎక్కి మేరీమాత గుడి దగ్గర కాసేపు కూర్చో. మనం క్యాథలిక్కులం కాకపోతేనేం, ఎవరూ అడగరు. కింద హార్బరులో ఓడలు కనిపిస్తాయి. ఏమీ అడగాలనిపించకపోతే ఊరికే కూర్చుని వచ్చెయ్. దిగేటప్పుడు పూర్ణా మార్కెట్లో అరకేజీ వంకాయలు పట్రా, లేతవి చూసి.

మీ అత్త