హాలీవుడ్ హారర్ సినిమా ‘జీపర్స్ క్రీపర్స్ 2’ మొదటి భాగమంత భయపెట్టదంటారు, చూడొచ్చా?

తప్పకుండా చూడండి. నన్నడిగితే మొదటి దానికంటే ఇదే గొప్ప సినిమా. అయితే అందరూ చెప్పుకునే స్కూల్ బస్సు కోసం కాదు, ఆ రైతు కోసం చూడాలి.

23 ఏళ్ళకొకసారి నిద్రలేచి 23 రోజులు మనుషుల్ని తిని మళ్ళీ పడుకునే రెక్కల జీవి కథ ఇది. రెండో భాగం 22వ రోజున మొదలవుతుంది. మక్కచేనులో దిష్టిబొమ్మలు నిలబెడుతుంటాడు బిల్లీ అనే రైతు కొడుకు. వాటిలో ఒకటి బొమ్మ కాదు. తండ్రి, అన్న పరిగెత్తుకొచ్చేలోపే వాణ్ణి చేనంతా ఈడ్చి ఆకాశంలోకి ఎత్తుకుపోతుంది.

ఇంజినీరింగ్ చదివేటప్పుడు దసరా సెలవులకు ఊరికి పోయి, దీన్ని లాప్‌టాప్‌లో మా పెద్దబాపుతో కలిసి చూశాను. మాది సిరిసిల్ల వైపు గుట్టల పక్క ఊరు. ఆ వానాకాలమే చిరుత వచ్చి పెద్దబాపు కొట్టంలోంచి లేగదూడను ఎత్తుకుపోయింది. అప్పట్నుంచి ఆయన ఇంట్లో పడుకోవడం మానేశాడు. మంచె మీద టార్చిలైటు, పక్కన గొడ్డలి. ఇంగ్లీషు ఒక్క ముక్క రాదు.

మొదట్లో తెర మీది చేను చూసి, “మక్కలు మంచిగ పెరిగినయి” అన్నాడు. పిల్లాణ్ణి ఈడ్చుకుపోయాక ఇంకేమీ అనలేదు. బస్సు కథ మొదలవగానే బీడీ ముట్టించుకొని బయటికి పోయాడు. నిజానికి అక్కడ నాకూ విసుగే. టైరు పేలి రోడ్డు మీద ఆగిన బస్సులో బాస్కెట్‌బాల్ ఆడే పిల్లలు ఒకరినొకరు తిట్టుకుంటుంటే సగం సినిమా అయిపోతుంది. వాళ్ళలో ఒక్కరి పేరైనా ఇప్పుడు గుర్తులేదు.

బిల్లీ తండ్రి ట్రక్కు మీద ఏదో బిగిస్తున్నప్పుడు పెద్దబాపును కేకేశాను.

“గదేం మిషిన్‌రా?”

“కంచెకు కడీలు దించేది పెద్దబాపూ. దాన్నే బల్లెం విసిరే మిషిన్ చేస్తుండు.”

ఆయన కదలకుండా కూర్చున్నది అప్పుడే. సినిమాలో ఆ రైతు తుపాకీ కొనడానికి పోలేదు, పోలీసుల కోసం ఎదురుచూడలేదు, రోజూ చేతిలో ఆడే పనిముట్టునే ఆయుధం చేసుకున్నాడు. ఆ తండ్రిగా వేసిన రే వైజ్ ముఖం చూడండి అక్కడ, ఏడుపు ఉండదు, పని ఉంటుంది. చివర్లో పడిపోయిన ఆ జీవిని పొడుస్తూనే ఉంటాడు. “ఇంకోటి... ఇంకోటి” అని ఇటు పెద్దబాపు.

రెండో భాగంలో రాక్షసుణ్ణి మరీ ఎక్కువ చూపించారు, అందుకే భయం పోయిందని విమర్శిస్తారు. నేనొప్పుకోను. దాక్కుంటే భయం పుడుతుంది సరే, పగ పట్టినవాడికి శత్రువు కళ్ళ ముందు నిలబడాలి కదా! పైగా మన సినిమాల్లో పగ ఎప్పుడూ దెయ్యానిదే. ఎవరో చంపేసిన అమ్మాయి వస్తుంది, అరగంట ఫ్లాష్‌బ్యాక్, నలుగురు కమెడియన్లు మంచం కింద దూరడం, ఒక మాంత్రికుడు. బిడ్డను పోగొట్టుకున్న మనిషి ఆ దెయ్యం మీదికి గొడ్డలి పట్టుకొని పోయే కథ మనకెందుకు రాయరు? చేలల్లో రాత్రిళ్ళు కాపలా కాసిన జనం ఇంతమంది ఉన్న చోట!

ఆఖరి సన్నివేశం 23 ఏళ్ళ తర్వాత. ఎండిపోయినట్టున్న ఆ జీవిని కొట్టంలో గోడకు వేలాడదీసి, టికెట్ పెట్టి చూపిస్తుంటారు. ఎదురుగా అదే బల్లెం మిషిన్ పక్కన ముసలివాడైన తండ్రి కాపలా. దేనికోసం చూస్తున్నావని ఒక కుర్రాడు అడిగితే, ఇంకో మూడు రోజులు, కాస్త అటూ ఇటూగా అంటాడు. అంతే, అయిపోయింది.

“లేచిందా మరి?” అన్నాడు పెద్దబాపు.

“సినిమా గంతే పెద్దబాపూ.”

“మూడు దినాలు ఆగి తియ్యరాదా?” అని నిజంగానే కోపం చేసి, టార్చిలైటు తీసుకొని చేనుకు పోయాడు.

2017లో మూడో భాగం వస్తుందంటే ఆయనకు జవాబు దొరుకుతుందనుకున్నాను. తీరా చూస్తే అది మొదటి రెండింటి మధ్య జరిగే కథ. ఆ ముసలాయనను అట్లాగే కూర్చోబెట్టి వెనక్కి పోయారు. దసరాకు పోయినప్పుడల్లా పెద్దబాపు ఒకసారైనా అడుగుతాడు, అది లేచిందా అని.