మహిళా సభ్యులు కూడా 'బ్రదర్'లేనా?

స్త్రీపురుషులిద్దరికీ సభ్యత్వమిచ్చే ఫ్రటర్నిటీలో (సభ్యులు ఒకరినొకరు సోదరులుగా భావించే సంఘంలో) మహిళను 'బ్రదర్' అనాలా, 'సిస్టర్' అనాలా అన్న ప్రశ్నకు ఒకే జవాబు లేదు. అది ఆయా సంస్థ ఆచారాన్ని బట్టి ఉంటుంది. అమెరికాలో 1925లో లఫాయెట్ కాలేజీ విద్యార్థులు ప్రారంభించిన సేవాసంఘం ఆల్ఫా ఫై ఒమేగా, 1976లో మహిళలకు సభ్యత్వం ఇవ్వాలని నిర్ణయించినా పిలుపును మార్చలేదు కనుక, అక్కడ నేటికీ అందరూ 'బ్రదర్'లే. ఆ పదం బంధుత్వాన్ని కాక ప్రమాణం చేసి పొందిన హోదాను సూచిస్తుందనీ, మహిళలకు వేరే పేరు పెడితే సభ్యత్వమే రెండు తరగతులైనట్లు కనిపిస్తుందనీ ఈ వాడుకను సమర్థించేవారు అంటారు. ఈ వాదన సబబైనదే అయినా, పురుషవాచకమే ఉమ్మడి పదం కావడంపై అభ్యంతరమూ అంతే సబబని నా అభిప్రాయం.

తమవైన ఆచారాలు, ప్రమాణాలు గల సోదర సంఘమైన ఫ్రీమేసన్లలో విశేషం మరింత ఉంది. 1893లో పారిస్‌లో మరియా దెరేమ్, జార్జ్ మార్టిన్ నెలకొల్పిన ఉమ్మడి శాఖలో ఫ్రెంచివారు సోదరుడు, సోదరి అన్న రెండు పదాలనూ వాడతారు. బ్రిటన్‌లో 1908లో ఉమ్మడి సంఘంగా మొదలై, తరువాత స్త్రీలకే పరిమితమైన ఆర్డర్ ఆఫ్ విమెన్ ఫ్రీమేసన్స్‌లో మాత్రం మహిళలు ఒకరినొకరు 'బ్రదర్' అనే సంబోధించుకుంటారు.

ఈ పిలుపును తెలుగులోకి తెచ్చేటప్పుడు 'సోదర సభ్యురాలు' వంటి ఎబ్బెట్టు ప్రయోగం అవసరం లేదు. అన్నకూ చెల్లెలికీ సమానంగా వర్తించే 'తోబుట్టువు' మనకు ఎప్పటినుంచో ఉంది.