పలక మీద 36, నోటితో 24

"చిన్న పిల్లలకు చదువు చెప్తూ మీరు నేర్చుకున్నది ఏమిటి?" అని అడిగారు. నేను కర్నూలు జిల్లాలో ఆదోని వైపు ఒక పల్లెలో ఎస్జీటీగా, అంటే ప్రాథమిక బడి టీచర్‌గా పనిచేస్తున్నాను. ఇద్దరం టీచర్లం, ఐదు తరగతులు.

మా దగ్గర సంక్రాంతి దాటేసరికి క్లాసు సగం ఖాళీ అయిపోతుంది. వాన మీద ఆధారపడ్డ పొలాలు, ఊళ్లో పని దొరకదు, అందుకని జనం గుంటూరు వైపు మిరపకాయల కోతకు పోతారు. దాన్నే ఇక్కడ సుగ్గి అంటాం. ఇంట్లో అవ్వ ఉంటే పిల్లలు ఆగుతారు, లేదంటే వాళ్లూ బండెక్కుతారు. సీజనల్ హాస్టళ్లు పెడుతుంటారు కానీ ఎనిమిదేళ్ల పిల్లను వదిలిపోవడానికి ఏ తల్లికి మనసొప్పుతుంది?

అలా పోయి ఏప్రిల్లో తిరిగొచ్చిన మూడో తరగతి పాపకు తీసివేతలు ఇచ్చాను. 52లోంచి 28 తీస్తే 36 అని వేసింది. 61లోంచి 35 తీస్తే 34. ఐదు లెక్కలూ తప్పే. మూడు నెలలు బడికి రాలేదు, అంతా మర్చిపోయిందని అనుకుని ఇంటూ పెట్టబోయాను. ఎందుకో ఆగి, ఎలా చేశావమ్మా అని అడిగాను.

"రెండులోంచి ఎనిమిది పోదు గదా టీచర్, అందుకే ఎనిమిదిలోంచి రెండు తీసినా. పెద్దదాంట్లోంచే చిన్నది తీయాలని మీరే చెప్తిరి."

నిజమే, ఒకటో తరగతిలో చెప్పింది నేనే. ఆ పిల్ల నా మాట మర్చిపోలేదు, తు.చ. తప్పకుండా పాటించింది. సరే, మీ అమ్మ దగ్గర 52 రూపాయలుంటే కొట్లో 28 ఇచ్చింది, ఎంత మిగులుతుంది అన్నాను. వేళ్లు కూడా మడవకుండా, 28కి రెండేస్తే ముప్పై, ఇంకో ఇరవై రెండేస్తే 52, మొత్తం ఇరవై నాలుగు అంది. మరి పలక మీద 36 ఉందేమిటి అంటే, "అది బడి లెక్క గదా టీచర్" అంది. ఆ మాటకు నాకు చాలా బాధేసింది. బజారులో పనికొచ్చే బుర్రను గుమ్మం బయట వదిలేసి క్లాసులోకి రావాలని ఆ పిల్లకు ఎవరు నేర్పినట్టు?

పక్క స్థానం నుంచి పది అప్పు తెచ్చుకోవాలని చెప్పబోతే, "ఆ అప్పు మళ్లీ తీర్చొద్దా?" అని అడిగింది. అప్పు తీర్చడానికే సుగ్గికి పోయే ఇళ్లలోంచి వచ్చిన పిల్లలకు ఇన్నేళ్లూ నేను ఆ మాటే వాడాను! మరుసటి రోజు చీపురు పుల్లలు పదేసి కట్టలు కట్టి, ఐదు కట్టలూ రెండు విడి పుల్లలూ ఆమె ముందు పెట్టి, నాకు 28 ఇవ్వమన్నాను. రెండు కట్టలిచ్చింది, విడిగా ఉన్న రెండూ ఇచ్చింది, కాసేపు నా మొహం చూసి, తర్వాత తనంతట తనే మూడో కట్టకున్న రబ్బరు బ్యాండు లాగేసింది. అప్పటినుంచి మా క్లాసులో అప్పు లేదు, "కట్ట విప్పు" అంటాం.

అందరి దగ్గరా ఇలా కూర్చోవడానికి టైమెక్కడిది అని తోటి టీచర్లు అడుగుతారు. సిలబస్ టెన్షన్ నాకూ ఉంది. భోజనాలయ్యాక రోజుకు నలుగురిని మాత్రం పక్కన కూర్చోబెట్టుకుంటున్నాను. ఎలా చేశావో చెప్పు అని అడిగి, వాళ్లు చెప్పడం పూర్తయ్యేదాకా ఎర్ర పెన్ను ముట్టుకోను.